ఎదుగుదలకి బెత్తెడు

మొన్న ఆదివారం గిలకలదిండి నుంచి ఒకావిడ పన్నెండేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బందరులో నేను పిల్లలకి ఆర్చరీ నేర్పుతాను. పిల్లకి మొదటి కాంపౌండ్ విల్లు కొనాలని, ఏది కొనాలో చెప్పమని అడిగింది. చెప్పడానికి ముందు కొలవాలి కాబట్టి పిల్లని గోడకి ఆనించి, రెండు చేతులూ బార్లా చాపించి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొసదాకా టేపు పట్టాను. యాభై ఎనిమిది అంగుళాలు. పుస్తకంలో రాయబోతుంటే ఆవిడ నా పెన్నుకి అడ్డంపడినంత పని చేసింది. "కొంచెం ఎక్కువే రాసుకోండి మేడమ్. ఎదిగే పిల్ల కదా!" అంది. నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, ఆపుకుందామన్నా ఆగని నవ్వు. పాపం ఆవిడ మొహం ముడుచుకుపోయింది. టీ తెప్పించి, తప్పయిపోయిందని చెప్పుకుని, "మా ఇంట్లో మేం ముగ్గురం కలిసి ఎక్కువ రాసుకున్నామండీ, అది గుర్తొచ్చి నవ్వాను" అన్నాను. ఆ కథ ఆవిడకి ఐదు నిమిషాల్లో చెప్పేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేసినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

మాది పెడన. నాన్న అద్దకం పనివాడు. గోనెపట్టాలూ దుప్పట్లూ పరిచిన బల్ల మీద తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. ఆ దబదబల మధ్యే నేను నిద్ర లేచేదాన్ని, పలక మీద అక్షరాలు దిద్దేదాన్ని, అన్నం తినేదాన్ని. ఇంట్లో మూడు వాసనలుండేవి. గుడ్డలకి పట్టించే కరక్కాయ వగరు వాసన, దాంట్లో కలిపే గేదెపాల పులిసిన వాసన, నల్లరంగు కోసం ఇనపముక్కలూ బెల్లమూ నానేసిన కుండ వాసన. చుట్టాలు గుమ్మంలోనే ముక్కు చిట్లించేవాళ్లు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా పులిసిన బెల్లం వాసన తగిలితే ఆకలేస్తుంది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ.

నాయనమ్మకి ఒక కుట్టుమిషనూ, ఒక సిద్ధాంతమూ ఉండేవి. ఎదిగే పిల్లకి ఏదీ సరిపోయేట్టు కుట్టకూడదు, కొనకూడదు. నా పావడాలన్నిటికీ అడుగున రెండేసి టక్కులు. ఏడాదికో టక్కు విప్పేది. విప్పిన చోట గుడ్డ కొత్తగా మెరిసేది, పైనంతా వెలిసిపోయి ఉండేది. నా వయసు నా పావడా చూసి చెప్పొచ్చని స్కూల్లో ఏడిపించేవాళ్లు. చెప్పుల్లో వేళ్ల దగ్గర దూది కూరేది. స్వెట్టరు చేతులు మూడు మడతలు పెట్టి వేసుకునేదాన్ని. మా ఇంట్లో అందరికీ రెండేళ్ల తర్వాతి నాగమణి అంటే ఇష్టం, ఈ రోజుటి నాగమణి ఆవిడ బట్టలు మోసే పనిమనిషి అనిపించేది నాకు. సిద్ధాంతంతో పాటు నాయనమ్మకి ఒక భయం కూడా ఉండేది. పిల్లల్ని కొలవకూడదు. కొలిచి, ఆ అంకె పైకి చెబితే, పిల్ల అక్కడే ఆగిపోతుంది. స్కూల్లో ఎత్తు కొలిచే రోజున నాకు జ్వరం వచ్చిందని చెప్పి మానిపించేది. రోజంతా ఇంట్లో ఉప్మా తింటూ కూచోవడం నాకూ బాగానే ఉండేది.

పన్నెండో ఏట నాకు ఆర్చరీ పిచ్చి పట్టింది. గుడివాడలో ఒక మూతపడిన రైస్ మిల్లు కళ్ళంలో భాస్కరరావు మాస్టారు విలువిద్య నేర్పేవారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, నందివాడ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఆదివారం పొద్దున్నే పెడనలో పాసింజరు రైలెక్కి, గుడివాడలో దిగి, మిల్లుదాకా పరిగెత్తేదాన్ని. మొదటి రెండేళ్లూ వెదురు విల్లే. పాతికమంది పిల్లలకి పది విళ్లు. బాణం ఎటు పోతుందో బాణానికే తెలియాలి. అయినా ఆ తాడు వదిలిన చప్పుడు, అవతల గడ్డిదిమ్మలో టప్ మని దిగిన చప్పుడు, ఆ రెంటికీ మధ్య ఊపిరి బిగబట్టే ఆ క్షణం, ఇంటికొచ్చి పడుకున్నా ఒంట్లోంచి పోయేవి కావు.

అక్కడికి కోడూరు నుంచి దుర్గక్క వచ్చేది. ఇరవయ్యేళ్లుంటాయి. మనిషి మగవాళ్ల మధ్య నిలబడ్డా తల పైకి కనిపించేంత పొడుగు. దివిసీమలో వాళ్లది చేపల వేటకెళ్ళే కుటుంబం. చిన్నప్పటినుంచి వలలు లాగిన చేతులని మాస్టారు అందరికీ చూపించేవారు. ఆవిడ మాస్టారి సొంత కాంపౌండ్ విల్లుతో వేసేది. ఆ విల్లు చూసిన మొదటి రోజు నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. రెండు కొసల్లో రెండు చక్రాలు, వాటిమీంచి అడ్డంగా నిలువుగా తీగలు. విల్లులా లేదు, ఎవరో పెద్ద గడియారాన్ని విప్పి పొడుగ్గా సాగదీసినట్టుంది. కాంపౌండ్ సంగతి తెలియనివాళ్లకి ఒక్కమాట చెప్పాలి. తాడు లాగడం మొదలుపెట్టినప్పుడు మహా బరువుగా ఉంటుంది. లాగుతూ లాగుతూ ఒకచోటికి వచ్చేసరికి చక్రాలు తిరిగిపోయి బరువు ఒక్కసారిగా దిగిపోతుంది. అక్కడ ఆగి, నింపాదిగా గురిచూసి వదలొచ్చు. ఆ చోటు ఏ విల్లుకి ఆ విల్లులో ముందే బిగించి ఉంటుంది. అక్కడిదాకా చెయ్యి అందకపోతే బరువు దిగదు. అందుకే మనిషి బారని బట్టి విల్లు కొనాలి. ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పనికిరానట్టే, ఒకరి కాంపౌండ్ ఇంకొకరికి పనికిరాదు. మాస్టారి బారా దుర్గక్క బారా ఒకటే కాబట్టి ఆవిడకి ఆయనది సరిపోయింది. ఇదంతా మాస్టారు మాకు నూరుసార్లు చెప్పారు. నేను నూరుసార్లూ తల ఊపాను.

నా పద్నాలుగో ఏట జిల్లా జట్టు ఎంపిక బందరులో పెడుతున్నారనీ, కాంపౌండ్‌లో ఆడపిల్లలు తక్కువనీ, నాకు విల్లుంటే ఎంపికకి పంపిస్తాననీ మాస్టారు అన్నారు. ఆ సాయంత్రం రైల్లో నేను కూచోలేదు, పెడనదాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాను. నాన్న రెండు రోజులు అచ్చులు గుద్ది, మూడో రోజున "కొందాం అమ్మలూ" అన్నాడు. ఎలా కొన్నాడో నన్ను అడగనివ్వలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

మాస్టారు మొదట చెప్పింది దుర్గక్క మొదటి విల్లు గురించి. బూడిదరంగుది, కొంచెం పొట్టిది, చక్రంలో మూడు బెజ్జాలుండేవి. మేకు తీసి ఏ బెజ్జంలో పెడితే ఆ కొలతకి మారుతుంది. ఆ మూడూ దాటి ఎదిగిపోయాక దుర్గక్క దాన్ని వాడడం లేదు. ఆదివారం సంచిలో తెచ్చి గోడకి ఆనించింది. "నీకు అతికినట్టు సరిపోతుంది. పట్టుకుని చూడు" అన్నారు మాస్టారు. నేను చూశాను గానీ పట్టుకోలేదు. పిడి దగ్గర రంగు పోయి లోపలి తెలుపు కనిపిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక నాకంటూ సరిపోయింది ఒక్కటీ లేదు, ఇప్పుడు కూడా ఇంకొకరు వదిలేసిందా! కళ్లు నెత్తికెక్కి, దుర్గక్క వింటుండగానే, "వాడేసినది నాకొద్దు మాస్టారూ" అనేశాను. దుర్గక్క విల్లు తీసి సంచిలో పెట్టేసుకుంది. సంచి జిప్పు లాగేసుకుంది. ఆ జిప్పు చప్పుడు నాకు చాలా రోజులు వినిపించింది.

నాకు కావలసింది ఎరుపుది. మాస్టారి దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది, అందులో పదకొండో పేజీలో ఉండేది అది. పండు మిరపకాయ ఎరుపు. నిజం చెప్పాలంటే నేను విల్లు ఎంచుకోలేదు, రంగు ఎంచుకున్నాను. "పట్టుకుంటే చేతికి ఎలా ఉందో చూడు, బరువు చూడు, రంగు ఆఖర్న చూడు" అని మాస్టారు మొత్తుకున్నారు. ఆ పేజీ అడిగి ఇంటికి తెచ్చుకుని పుస్తకాల్లో పెట్టుకున్నాను. నాన్న దాన్ని బల్ల మీద పెట్టి, అద్దకం పనివాడి కళ్లతో చాలాసేపు చూసి, "ఎరుపు మంచి ఎరుపే. ఉడికినా దిగే రకం కాదు" అన్నాడు. ఇంక నాకు తిరుగేముంది!

మాస్టారు సీనియర్ పిల్లల్ని తీసుకుని పోటీలకి వేరే రాష్ట్రం వెళ్తూ, దారిలో విజయవాడలో ఆగి విళ్ల దుకాణంలోంచి నాన్నకి ఫోన్ చేశారు. "పిల్ల బార ఎంతుందో వెంటనే కొలిచి చెప్పండి. ఆ కొలతకి బిగించి బస్సులో పార్సెల్ పంపిస్తారు. నా రైలు గంటలో ఉంది." నాయనమ్మకి కొలత అన్న మాట చెవినపడగానే మిషను ఆపేసింది. నిలువు కాదు అడ్డమే కదా అని నాన్న, అడ్డమైనా నిలువైనా పిల్ల పిల్లే కదా అని నాయనమ్మ. చివరికి ఒక రాజీ కుదిరింది. టేపు పెట్టకూడదు, అంకె పైకి చెప్పకూడదు, నాయనమ్మే నూలుదారంతో కొలుస్తుంది. దారంతో కొలిస్తే కొలిచినట్టు కాదట! నన్ను గోడకి ఆనించింది. దారం ఒక కొస నా కుడి వేలికి పెట్టి, గుండెల మీంచి లాగి, ఎడం వేలి దగ్గర కత్తెరతో తెంపింది. నాన్న ఆ దారం తీసుకెళ్లి గజంబద్ద మీద పరిచి, కాగితం ముక్క మీద అంకె వేసి, చేతులకి రంగుందని ఫోను నాకిచ్చి మాస్టారికి చదివి చెప్పమన్నాడు. నేను నాయనమ్మకి వినపడకుండా వీధిలోకెళ్లి చెప్పాను.

"అరవై ఎనిమిదా?" అన్నారు మాస్టారు. అవతల దుకాణంలో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. "దుర్గకి ఉంటుంది అంత! సరిగ్గా కొలిచారా?"

"కొలిచారండీ. ఈ మధ్య బాగా సాగానండీ" అన్నాను.

"చేతులు పొడుగేమోలే. సరే, నేను వచ్చేదాకా ఆ తాడు ముట్టుకోకు. వింటున్నావా?"

విన్నాను. మూడో రోజున పార్సెల్ వచ్చింది. బస్టాండు నుంచి నాన్న సైకిల్ వెనక దాన్ని అడ్డంగా పట్టుకుని కూచుని వచ్చాను, దారిలో ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకుంటూ. మా వీధివాళ్లంతా వచ్చారు. పక్కింటి మావయ్య మగ్గం దిగి వచ్చి, ఆ తీగలన్నీ చూసి, "ఇదేంటమ్మాయ్, ఇది కూడా నేస్తుందా?" అన్నాడు. ఎరుపు బొమ్మలోకంటే బాగుంది. నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను ఆ రోజు అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

మర్నాడు స్కూలు నుంచి రాగానే పెరట్లో తాడు ముట్టుకున్నాను. లాగాను. బరువు. ఇంకా లాగాను. ఇంకా బరువు. ఎడం చెయ్యి బిర్రబిగిసి, కుడి చెయ్యి చెవి దాటి వెనక్కి వెళ్లింది, తల వెనక్కి వాలిపోయింది, నడుం విల్లయింది. విల్లు మాత్రం విల్లు కాలేదు. బరువు దిగే చోటు రాలేదు. ఇంక లాగలేక తాడుని మెల్లగా మళ్లీ ముందుకి పోనిచ్చాను. పదిసార్లు లాగాను, పదిసార్లూ అంతే. లోపం విల్లులో ఉండొచ్చని నాకు తట్టనే లేదు. అంత అందమైన వస్తువులో లోపం ఎలా ఉంటుంది? లోపం నా చేతుల్లో ఉంది. నాకు బలం చాలదు. ఎంపిక ఇంకా పదిహేను రోజులే.

ఆ తర్వాతి వారం పదిరోజులు నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. కరక్కాయల బస్తా ఎత్తి దించేదాన్ని. రంగునీళ్ల బిందెలు నేనే మోస్తానని నాన్నతో పోట్లాడేదాన్ని. నాయనమ్మ రెండు గుడ్లు పెడితే మూడోది అడిగేదాన్ని. సాయంత్రం పెరట్లో ఎలా ఉందని నాన్న అడిగితే "భలే ఉంది నాన్నా" అనేదాన్ని. ఆయన మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి తాడు వదిలేస్తే ముంజేతి మీద చళ్ళున కొట్టింది, చెయ్యంతా కమిలిపోయింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగాను. మొదటిసారి, మడతలు పెట్టిన ఆ పెద్ద చేతులు నాకు పనికొచ్చాయి.

మాస్టారు తిరిగొచ్చిన మొదటి ఆదివారానికి ఎంపిక ఇంకా వారం ఉంది. నాన్న కూడా చూస్తానని గుడివాడ వచ్చాడు. గీత మీద నిలబడి లాగాను. సగం లాగేసరికే మాస్టారు "ఆపు, ఆపు, ఆపు!" అని అరుస్తూ వచ్చి విల్లు లాక్కున్నారు. జేబులోంచి టేపు తీసి, అక్కడే మిల్లు గోడకి నన్ను ఆనించి, అందరి ముందూ, గట్టిగా చదివారు. "అరవై!"

మాస్టారు టేపు చుట్టి నాన్న వైపు తిరిగారు.

"మీరు చెప్పింది అరవై ఎనిమిది. ఈ విల్లు దుర్గంత మనిషికి బిగించింది వెంకటేశ్వర్లు గారూ! ఎనిమిదంగుళాలు ఎక్కణ్ణించి వచ్చాయండీ?"

నాన్న చెప్పుల వంక చూశాడు. "నేను రెండే కలిపానండీ మాస్టారూ" అన్నాడు చివరికి. "గుడ్డ ఏదైనా ఉడికాక ముడుచుకుంటుంది కదండీ. రెండంగుళాలు ఎక్కువే కోసుకుంటాం. చెయ్యి అలవాటు. దారం కొలిచి, అలాగే వేసేశాను."

"ఇది గుడ్డ కాదండీ, పిల్ల! రెండు సరే. మిగతా ఆరు?"

ఇప్పుడు నా వంతు. కాగితం మీద నాన్న వేసింది అరవై ఐదు. సీనియర్ అక్కలంతా నాది ఇంత, నాది ఇంత అని కొలతలు గొప్పగా చెప్పుకునేవాళ్లు, ఎక్కువ ఉన్నవాళ్లకి మర్యాద ఎక్కువ. దుర్గక్క అరవై ఎనిమిదని విన్నాను. ఫోన్లో నోటికి అదే వచ్చింది. "నేను మూడు కలిపానండీ" అన్నాను, ఏడుపు మింగుతూ. నాన్న నా వంక తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు! "ఇంకా మూడు లెక్క తేలలేదమ్మలూ" అన్నాడు.

ఆ మూడు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసు. ఇంటికెళ్లేసరికి నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న ఎదురుగా గొంతుక్కూచుని, "అమ్మా, ఆ రోజు దారం ఎక్కడ తెంపావు?" అని అడిగాడు.

"వేలి దగ్గరే."

"వేలి దగ్గరేనా?"

"వేలి దగ్గరే. ఎదుగుదలకి బెత్తెడు వదిలాను. ఎప్పుడూ వదిలేదే కదరా! బెత్తెడు వదలకుండా నేను ఎప్పుడు కత్తెర వేశాను?" అంది. నాలుగు వేళ్లు కలిపి చూపించింది. అంటే మూడంగుళాలు. ఎనిమిదీ దొరికాయి. నాన్న నేలమీద చతికిలబడి పడీపడీ నవ్వాడు. మిల్లులో మాస్టారు కొలిచారనీ, అరవై అని పైకి చదివారనీ నేను నోరుజారి చెప్పేశాను. నాయనమ్మ చేట కింద పెట్టింది. విల్లు పాడైందనో, ఎంపిక పోతుందనో ఆవిడకి లేదు. "అందరి ముందూనా? ఉన్నది ఉన్నట్టు అరవై అన్నాడా? ఒక్క వేలైనా వదల్లేదా?" అని మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా లేచి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటుకి ముగ్గురం దగ్గాం. నాకు దగ్గుతోపాటు ఏడుపు కూడా కలిసి వచ్చింది. ఎర్ర విల్లు చక్రాలు మార్చాలంటే నెలపైన పడుతుందని మాస్టారు చెప్పారు. ఎంపిక వచ్చే ఆదివారం. ఒక్కటే దారి ఉంది, ఆ దారికి నేను సంచి జిప్పు వేయించి పంపేశాను.

శుక్రవారం స్కూలు మాని, ఎర్ర విల్లు వెంట తీసుకుని కోడూరు బయల్దేరాం. కొలత దోషం పోవడానికి సాగరసంగమంలో స్నానం చేయించాలని నాయనమ్మ కూడా వచ్చింది. బందరులో బస్సు మారి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి, అరటితోటలూ చెరువులూ చూసుకుంటూ పోయాం. నేను చూడలేదు. దుర్గక్కకి ఏం చెప్పాలో మనసులో అప్పజెప్పుకుంటున్నాను. తీరా ఆవిడ గుమ్మంలో ఎదురయ్యేసరికి అప్పజెప్పుకున్నదంతా మర్చిపోయి, "అక్కా, ఆ రోజు తప్పుగా మాట్లాడాను. నాకు ఆ విల్లు కావాలి" అన్నాను.

"మాస్టారు ఫోన్ చేశార్లే. బెత్తెడు సంగతి కూడా చెప్పారు" అంది దుర్గక్క. నవ్వు ఆపుకోవడానికి బుగ్గ కొరుక్కుంటోంది. "ముందు ఆ ఎర్రదాన్ని ఇలా తే."

ఇంటి వెనక మట్టికట్ట కట్టి దానికి గడ్డిదిమ్మ ఆనించి ఉంది. దుర్గక్క నా ఎర్ర విల్లు తీసుకుని నిలబడి లాగింది. మోచెయ్యి వెనక్కి వెళ్లింది, ఒకచోట ఆగింది, ఆవిడ మొహం మీద బిగువంతా కరిగిపోయింది. బరువు దిగే చోటు! పదిరోజులు నేను వెతికిన చోటు నా కళ్లముందు ఇంకొకరికి దొరికింది. బాణం గడ్డిదిమ్మ మీది గురిబొమ్మలో, నడిమి పసుపు చుక్కలో దిగింది. అసూయతో నా గుండె మండింది. ఆ అందమైన విల్లు ఆవిడ కోసమే పుట్టినట్టుంది. ఆవిడ దాన్ని దించి, ఎర్రరంగు మీద వేలితో రాస్తూ, "మార్చుకుందామా? నేనింకా మాస్టారి విల్లే వాడుతున్నాను" అంది. తేడా ఎంతో నాన్నా ఆవిడా పక్కకెళ్లి రెండు మాటల్లో తేల్చుకున్నారు.

అప్పుడు దుర్గక్క బూడిదరంగు విల్లు తెచ్చింది. మళ్లీ కొలుస్తానంటే నాయనమ్మ గోడవైపు తిరిగి చెవులు మూసుకుంది. దుర్గక్క అంకె పైకి చెప్పకుండా వేళ్లతో చూపించింది, ఆ మర్యాద నేను మర్చిపోలేదు. చక్రంలో మేకు తీసి అన్నిటికంటే లోపలి బెజ్జంలో బిగించింది. నేను పిడి పట్టుకున్నాను. రంగు పోయిన చోట నున్నగా, నా బొటనవేలు పడుకోవడానికి ఎవరో అరగదీసి పెట్టినట్టుంది. లాగాను. బరువు, బరువు, బరువు, ఇంక నా వల్ల కాదు అనుకున్నంతలో, పోయింది! బరువు చేతుల్లోంచి జారి మాయమైపోయింది. తాడు ముక్కుకొసకి తగిలి నిలబడింది. చెయ్యి దవడ కింద ఒదిగింది. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. "అక్కా! దిగిందక్కా! నాన్నా, దిగింది!" అని అరిచాను. "అరవకే, గురి చూడు!" అంది దుర్గక్క. గురి ఎవరు చూశారు? బాణం మట్టికట్ట దాటి అవతల అరటితోటలో పడింది. తోటవాడు కేకలేస్తూ వచ్చాడు. అయినా నేను గంతులేస్తూనే ఉన్నాను. ఒంటిమీద ఒక వస్తువు సరిపోవడమంటే ఏమిటో పద్నాలుగేళ్లకి నాకు తెలిసింది. "రెండేళ్లయినా వస్తుందా అమ్మా ఇది?" అని నాన్న అలవాటుకొద్దీ అడిగాడు. "ఎల్లుండికి వస్తుంది బాబాయ్. చాలదా?" అంది దుర్గక్క.

అక్కణ్ణించి సంగమస్నానానికి పాలకాయతిప్ప వెళ్లాం. నాయనమ్మ నన్ను మూడు మునకలు వేయించి, విల్లు మీద కూడా నాలుగు చుక్కలు చల్లబోయింది. ఉప్పునీళ్లు తగిలితే తీగలు పాడవుతాయని నేను విల్లుని గుండెకి పట్టుకుని తడిబట్టలతో ఇసకలో పరిగెత్తాను. నాయనమ్మ వెంటపడింది. ఆవిడ పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు పిల్లల కాంపౌండ్లు వేరేగా వస్తున్నాయి. చిన్న తాళంచెవితో తిప్పితే పదేళ్ల పిల్ల కొలతా వస్తుంది, ఇరవయ్యేళ్ల మనిషి కొలతా వస్తుంది. విల్లుకే టక్కులు వేసి అమ్ముతున్నారు. ఏడాదికోసారి విప్పుకుంటే చాలు. గిలకలదిండి ఆవిడకి అలాంటిదే చెప్పి పంపాను. నాయనమ్మ బతికుంటే తన సిద్ధాంతం ఎవరో దొంగిలించారని తగువుకి వెళ్లేది. మంచిదే, ఇప్పటి పిల్లలకి నా పాట్లు లేవు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఏ కొలతకైనా మారే విల్లు పట్టుకున్న పిల్లకి అరటితోటలో బాణం పడేసుకునేంత సంతోషం ఎప్పుడైనా కలుగుతుందా అని. ఇంకొకటి కూడా ఇప్పుడు అర్థమవుతోంది. చిన్నప్పుడు నేను ఆ బెత్తెడుని పిసినారితనం అనుకునేదాన్ని. తల్లిలేని పిల్లని ఒళ్లో వేసుకున్న ముసలావిడ, ఈ పిల్ల వచ్చే ఏడాదికీ ఉంటుంది, ఆ పై ఏడాదికీ ఉంటుంది, ఇంకా పెద్దదవుతుంది అని కత్తెర పట్టుకున్న ప్రతిసారీ తనకి తాను చెప్పుకునేదన్నమాట. అది తెలిశాక, టక్కులు విప్పిన ఆ పావడాలు ఒక్కటైనా దాచుకోలేదే అని బాధేస్తుంది.

ఎంపికలో నలుగుర్ని తీసుకున్నారు. నాలుగోది నేను. ఆఖరి బాణం వదిలేముందు బరువు దిగే చోట నింపాదిగా ఆగి గురిచూశాను. నా పేరు చదవగానే నాన్న పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లని కావలించుకున్నాడు. దుర్గక్క ఎర్ర విల్లుతో పెద్దల విభాగంలో మొదటిది వచ్చింది, నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. నాయనమ్మకి మాత్రం ఆ కొలత బెంగ తీరలేదు. ఏడాది చూసింది, రెండేళ్లు చూసింది. పావడాలు టక్కులు విప్పకుండానే చిరిగిపోయాయి. పోయేదాకా వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఆ మాస్టారు అందరి ముందూ అరవై అన్నాడమ్మా, పిల్ల అక్కడే ఆగిపోయింది" అని చెప్పేది. నిజంగానే ఆ తర్వాత నేను ఒక్క అంగుళం కూడా ఎదగలేదు. ఆ విల్లు నాకు తొమ్మిదేళ్లు సరిపోయింది.